రాజధానికి రచ్చబండ ఏది?

పార్లమెంటు శీతకాల సమావేశాలు ముగిసి, ఉభయసభలు నిరవధికంగా వాయిదాపడిన మరునాటి నుంచి ఢిల్లీకి మరొక ముఖం వస్తుంది. సభ్యులు నియోజకవర్గాలకు, మంత్రులు పర్యటనలకు, పెద్ద అధికారులు సెలవుల మీద వెళ్లిపోతారు. వారి కార్లు తిరిగిన రోడ్ల మీదికి సామాన్య కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. డిసెంబరు చివరివారం మొదలుకొని జనవరి మధ్యవరకు సాగే ఈ కాలంలో విలేఖరికి రాజకీయవార్తలు దొరకవని మా వృత్తిలో అనుకోవడం కద్దు. వార్తలు లేవన్న మాట నిజమే కావచ్చు. రాజకీయం లేదనడానికి మాత్రం వీలులేదు. ఈ మహానగరంలో ఒక కుటుంబం సెలవురోజున ఎక్కడ కూర్చుని అన్నం తినవచ్చు, ఎంతసేపు కూర్చోవచ్చు, ఎవరు వచ్చి లేవమంటారు అన్న ప్రశ్నలలో ఉన్నంత రాజకీయం కొన్ని స్థాయీసంఘాల నివేదికలలో కూడా ఉండదు.

మన తెలుగునాట సెలవులంటే వేసవి, దసరా, సంక్రాంతి. ఢిల్లీ వేసవిలో 'లూ' అనే వడగాలి వీస్తుంది. స్తోమతు గలవారు సిమ్లాకో నైనీతాల్‌కో పోతారు. లేనివారు తలుపులు బిగించుకొని కూలరు ముందు కూర్చుంటారు. కనుక కుటుంబమంతా కలిసి బయట తిరగడానికి ఈ నగరానికి దక్కిన ఋతువు శీతకాలమే. జనవరి మొదటి పక్షంలో బడులకు సెలవులిస్తారు. మనం చెట్టునీడ వెదుక్కున్నట్లు ఇక్కడివారు ఎండపొడ వెదుక్కుంటారు. ఇరుకు కాలనీలలో, సూర్యకిరణం సోకని రెండు గదుల ఇళ్లలో కాపురముండేవారికి పదకొండు గంటల నుంచి నాలుగు గంటల దాకా కాచే ఆ లేత ఎండ ఒక సంపద. దానిని అనుభవించడానికి కావలసిన పరికరాలు కూడా స్వల్పమే. ఒక దుప్పటి, ఒక సంచి వేరుశనగకాయలు, నువ్వుల గజక్, నాలుగు కిన్నో నారింజపండ్లు, నిప్పుల మీద కాల్చిన చిలగడదుంపలు ఉంటే చాలు. ఇక కావలసినది కూర్చోవడానికి కొంత నేల.

పిల్లలకు చూపించవలసిన వింతలకు ఢిల్లీలో కొరతలేదు. పురానా ఖిల్లా పక్కన 1959లో ప్రారంభమైన జంతుప్రదర్శనశాల ఉన్నది. చాణక్యపురిలో 1977లో తెరచిన రైలు మ్యూజియంలో పాతకాలపు ఇంజన్ల పక్కనే పిల్లలు బొమ్మరైలు ఎక్కుతారు. బహదూర్ షా జఫర్ మార్గంలోని నెహ్రూ హౌస్‌లో కార్టూనిస్టు శంకర్ 1965లో స్థాపించిన బొమ్మల మ్యూజియం ఉన్నది. దేశదేశాల బొమ్మలు ఆరువేలకు పైగా అందులో కొలువుతీరి ఉన్నాయి. నాయకులను నవ్వించిన, నొప్పించిన 'శంకర్స్ వీక్లీ' 1975లో ఎమర్జెన్సీ కాలంలో మూతపడ్డది. ఆయన పిల్లలకోసం పెట్టిన బొమ్మలకొలువు మాత్రం మిగిలింది. సోమవారం మ్యూజియంలకు, శుక్రవారం జంతుశాలకు సెలవన్న సంగతి తెలియక దూరంనుంచి వచ్చి గేటు ముందు నిలబడిపోయే కుటుంబాలు ప్రతి ఏడూ కనిపిస్తాయి. అట్టివారు చివరికి చేరేది ఒక్కచోటికే. అది ఇండియా గేటు పచ్చిక.

తెలుగువారికి ఆ దారి మరీ పరిచితం. పూర్వం ఏ.పి. ఎక్స్‌ప్రెస్సు, ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు దిగివచ్చే బంధువులకు, ఎల్.టి.సి. మీద దేశం చూడవచ్చే ఉద్యోగులకు, ఇక్కడ స్థిరపడిన మనవారు చూపే మొదటి యాత్రాస్థలం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ భోజనశాల. ముద్దపప్పు, గోంగూర, పెరుగు కడుపునిండా పట్టించి, అక్కడినుంచి నడిచి ఇండియా గేటుకు పోవడం కొన్ని తరాలుగా వస్తున్న ఆచారం. ఆ భవన్ ఆస్తులను ఉభయ తెలుగు రాష్ట్రాల మధ్య పంచడానికి 2014 నుంచి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలోనూ భోజనశాల ముందు వరుసలో ఏ రాష్ట్రంవారు ముందు నిలబడాలన్న తగాదా వచ్చినట్లు నేను వినలేదు.

పల్లెనుంచి వచ్చినవారి కోరికలలో మరొకటి పార్లమెంటు చూడడం. పార్లమెంటు సభ్యుని ఇంటికి పోయి, సిఫారసు పత్రం సంపాదించి, సందర్శకుల గ్యాలరీలో గంటసేపు కూర్చుని, తమ సభ్యుడు ఎక్కడ కూర్చున్నాడో వెదకడం ఒక సరదా. పదేళ్లలోపు పిల్లలకు గ్యాలరీ ప్రవేశం లేదు గనుక తల్లిదండ్రులలో ఒకరు బయట పచ్చిక మీద పిల్లలను ఆడిస్తూ వంతుకోసం ఎదురుచూడడం ముప్పై ఏళ్లుగా నేను చూస్తున్న దృశ్యం. 2001 డిసెంబరు 13న పాత భవనంపై ఉగ్రవాదుల దాడి జరిగింది. సరిగ్గా అదే తేదీన 2023లో ఇద్దరు యువకులు కొత్త భవనపు గ్యాలరీనుంచి లోక్‌సభలోకి దూకి పొగడబ్బాలు విప్పారు. ప్రతి ఘటన తరువాత తనిఖీ వరుసలు పెరిగాయి, పాసులు తగ్గాయి. అందులో కొంత అనివార్యమని అంగీకరించక తప్పదు. కాని లోపలికి పోవడం కష్టమైనకొద్దీ బయటి పచ్చిక విలువ పెరుగుతుంది. రాజ్యానికి ఇంత దగ్గరగా, టిక్కెట్టు లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా పౌరుడు కూర్చోగలిగిన చోటు అది ఒక్కటే కావడం దీనికి కారణం.

ఈ పచ్చికను పౌరులకోసం వేయలేదన్న విషయం ఇక్కడ గుర్తుచేయవలసి ఉన్నది. 1911లో రాజధానిని కలకత్తానుంచి మార్చాలని నిర్ణయించిన బ్రిటిషువారు లుట్యెన్స్, బేకర్ల చేత కొత్త నగరాన్ని కట్టించి, 1931లో ప్రారంభించారు. వైస్రాయ్ భవనంనుంచి యుద్ధస్మారక తోరణం వరకు సాగే ఆ రాచబాటకు కింగ్స్‌వే అని పేరు. ఇరువైపులా పచ్చిక, కాలువలు, చెట్లవరుసలు సామ్రాజ్యపు ఊరేగింపు ఠీవిగా కనిపించడానికి ఏర్పరచిన అలంకారాలు మాత్రమే. స్వాతంత్ర్యం వచ్చాక అది రాజపథమైనది. 1955నుంచి గణతంత్రదినోత్సవ కవాతు అక్కడే జరుగుతున్నది. తోరణం వెనుక మండపంలోని అయిదవ జార్జి విగ్రహాన్ని 1968లో తొలగించారు. ఆ మండపం యాభై ఏళ్లకు పైగా ఖాళీగా ఉన్నది. ఎవరి విగ్రహం పెట్టాలో నాయకులు తేల్చుకోలేకపోయిన ఆ కాలమంతా మండపం నీడలో పిల్లలు దాగుడుమూతలు ఆడారు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు జారీచేయలేదు, ఏ చట్టమూ చేయలేదు; ప్రజలు వచ్చి దుప్పట్లు పరచుకొని రాచబాటను తమది చేసుకున్నారు. మన పల్లెలలో చెట్టుకింది రచ్చబండకు దస్తావేజు ఉండదు. వాడుకే దానికి దస్తావేజు.

రచ్చబండ అన్న మాట నేను ఊరికే వాడలేదు. ఊరిలో ఆ బండ మీదనే ముసలివారు ఎండ కాచుకుంటారు, పిల్లలు అచ్చనగాయలు ఆడతారు, పొద్దువాలాక పంచాయతీ కూర్చుంటుంది. విశ్రాంతికి ఒక చోటు, తీర్పుకు మరొక చోటు అని ఊరు విడదీయలేదు. ఢిల్లీలో రాజపథం పచ్చిక కూడా అటువంటి జంటధర్మాన్ని నిర్వహించింది. కాలువలో పడవలు తిరిగే బోట్ క్లబ్ దగ్గర ఆదివారం కుటుంబాలు, తక్కిన రోజులలో కార్మికసంఘాలు, రైతులు, ఉద్యోగులు కూర్చునేవారు. 1988 అక్టోబరు చివరివారంలో మహేంద్రసింగ్ టికాయత్ వెంట పశ్చిమ ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన లక్షలాది రైతులు హుక్కాలతో, ట్రాక్టర్లతో ఆ పచ్చికమీద విడిదిచేసి, అక్కడే వంటలు వండుకొని సుమారు వారంరోజులు గడిపారు. పార్లమెంటు గుమ్మంలోంచి చూస్తే కనిపించేంత దగ్గరలో దేశపు రైతు రొట్టె కాల్చుకున్న ఆ దృశ్యాన్ని నాటి సీనియర్ విలేఖరులు చెప్పగా మేమంతా విన్నాము.

అయోధ్య సంఘటనల తరువాత, 1993 ఫిబ్రవరిలో, మన పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం బోట్ క్లబ్ దగ్గర బి.జె.పి. తలపెట్టిన ర్యాలీని నిషేధించింది. నాటి ఉద్రిక్త పరిస్థితులలో దానికి కారణం లేకపోలేదు. అయితే తాత్కాలిక ఆంక్షలకు మనదేశంలో ఆయుష్షు ఎక్కువ. ప్రదర్శనలు జంతర్ మంతర్ రోడ్డుకు తరలిపోయాయి. ఆ రోడ్డులో కూడా ధర్నాలు కూడదని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 జులై 23న సుప్రీంకోర్టు కల్పించుకొని, జంతర్ మంతర్‌లోనూ బోట్ క్లబ్ దగ్గరా సంపూర్ణ నిషేధం చెల్లదని, నియమావళి రూపొందించమని చెప్పింది. ధర్మాసనం చెప్పినంత మాత్రాన పాత బోట్ క్లబ్ మళ్లీ పుట్టలేదు.

నిరసన పోయినా విహారం నిలుస్తుంది కదా అని అప్పట్లో చాలామంది భావించారు. ఆ భావనలోని లోపాన్ని 2012 డిసెంబరు చూపింది. ఆ నెల 16న బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరం తరువాత ఇండియా గేటుకు వచ్చినవారిలో పార్టీ కార్యకర్తలకంటే విద్యార్థులు, గృహిణులు, కూతుళ్లను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రులు ఎక్కువ. సెలవుదినాలలో అలవాటుగా వచ్చేచోటికే వారు ఆ వారం దుఃఖంతో వచ్చారు. 22, 23 తేదీలలో నీటిఫిరంగులు, బాష్పవాయువు ప్రయోగించారు. 144వ సెక్షను విధించారు. దగ్గరి మెట్రోస్టేషన్లు మూసివేశారు. మెట్రోస్టేషను మూసినప్పుడు ప్రదర్శకుడినీ, బెలూను కొనిపెట్టడానికి కొడుకును తీసుకొచ్చిన తండ్రినీ ఆ తలుపు వేరుచేసి చూడదు. ఈ రెండు స్వేచ్ఛలకు ఉన్న నేల ఒక్కటే.

తరువాతి అధ్యాయం సెంట్రల్ విస్టా. 2021లో పచ్చికలకు కంచె వేశారు. 2022 సెప్టెంబరు 8న ఆ మార్గాన్ని కర్తవ్యపథమన్న కొత్త పేరుతో తెరిచారు. మేలు జరిగిన విషయాలను దాచడం న్యాయం కాదు. పదిహేను కిలోమీటర్లకు పైగా ఎర్రరాతి నడకదారులు వేశారు. కాలువలు బాగుచేసి వంతెనలు కట్టారు. రోడ్డు దాటడానికి భూగర్భమార్గాలు ఏర్పరచారు. అన్నిటికంటె ముఖ్యంగా మరుగుదొడ్లు వచ్చాయి. ఆడపిల్లలతో రోజంతా బయట గడిపే కుటుంబానికి ఇది ఎంత పెద్ద వసతో వేరే చెప్పనక్కరలేదు. ఖాళీ మండపంలో నేతాజీ విగ్రహం వెలసింది. 28 అడుగుల ఆ విగ్రహానికి రాయి మన ఖమ్మంనుంచి వచ్చింది. 280 టన్నుల ఏకశిలను 140 చక్రాల లారీమీద 1,665 కిలోమీటర్లు తరలించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాయి ముందు నిలబడి "ఇది మనదే" అని చెప్పుకొనే తెలంగాణ కుటుంబాలను నేను చూశాను. వారి ఆనందం సహేతుకమైనదే.

మేలుతోబాటు ఒక మార్పు చడీచప్పుడు లేకుండా వచ్చింది. తిరిగి తెరిచిన సమయంలోనే, ఇండియా గేటునుంచి మాన్‌సింగ్ రోడ్డు వరకు పచ్చికమీద భోజనం కూడదని, అమ్మకందారులు తమకు కేటాయించిన మండళ్లలోనే ఉండాలని, పచ్చికమీదికి రాకూడదని అధికారులు ప్రకటించారు. అయిదు మండళ్లు, ఒక్కొక్కదానిలో నలభైమంది అని లెక్క చెప్పారు. కాగితంమీద ఇది శుభ్రతకు సంబంధించిన నియమం. పచ్చికమీద అది ఏ రూపం ధరిస్తుందో ఒక శీతకాలపు మధ్యాహ్నం చూశాను. తెనాలి పక్క పల్లెనుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనుమలను కూర్చోబెట్టి పులిహోర డబ్బా విప్పుతున్నది. కాపలాకుర్రవాడు వచ్చి హిందీలో ఏదో అంటున్నాడు. ఆమె నా తెలుగుపత్రిక చూసి పిలిచింది.

"ఈ అబ్బాయి ఏమంటున్నాడు నాయనా? కాస్త కనుక్కుంటావా?"

"ఇక్కడ డబ్బా విప్పకూడదట అమ్మా. అవతల దుకాణాల వైపు వెళ్లి తినమంటున్నాడు."

"దుకాణంలో కొనుక్కుంటే తినవచ్చునా? ఇంట్లో వండుకొస్తే తినకూడదా?" అని ఆమె కొంచెం ఆలోచించి, "ఎంగిలి ఆకులు పారేయమని, చోటు తుడిచిపెట్టి పోతామని చెప్పు నాయనా" అన్నది.

నేను చెప్పాను. ఆ కుర్రవాడు బీహారు పల్లెవాడు. తనకు పైనుంచి వచ్చిన ఆజ్ఞ అన్నాడు. తరువాత రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, కాలువవైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లలు పులిహోర తిన్నారు. నియమానికంటె మనిషి మెరుగని సంతోషించవలసిందే. అయితే ఒక కాపలాకుర్రవాని దయమీద ఆధారపడి నిలిచేదాన్ని హక్కు అనడం కుదరదు.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నలో మరొక పొర ఉన్నది. కొనుక్కునే శక్తి లేనివాడికి సెలవు ఎక్కడ? ఢిల్లీ పిల్లల సరదాస్థలాల చరిత్ర చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. 1982 ఏషియాడ్ చిహ్నమైన అప్పు అనే ఏనుగుపిల్ల పేరిట 1984లో ప్రగతి మైదానంలో వెలసిన అప్పూఘర్ 2008లో మూతపడ్డది. ప్రగతి మైదానంలోని, ఏటా నవంబరు వాణిజ్యప్రదర్శన రోజులలో లక్షలమంది తిరిగిన, 1972 నాటి హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చివేశారు. ఆ ప్రాంగణంలో 2023లో భారత్ మండపం లేచింది. మరొకవైపు నగరంలో, చుట్టుపక్కల మాల్‌లు పెరిగాయి. మాల్‌లో చలి ఉండదు, పొగ ఉండదు, నేల అద్దంలా ఉంటుంది. కాని అక్కడ నేలమీద దుప్పటి పరిచే వీలులేదు. ప్రవేశానికి రుసుము లేకపోయినా అక్కడ ఉండడానికి ఖర్చు ఉన్నది.

వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు సరేసరి. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరు 24న ప్రారంభమై, మరునాడు క్రిస్మస్ రోజున ప్రజలకు తెరుచుకున్నప్పుడు పనిమీద ఎక్కినవారు తక్కువ. కుటుంబాలు కుటుంబాలుగా కేవలం ఎక్కి దిగడానికి వచ్చారు. షాహ్‌దరానుంచి తీస్ హజారీ దాకా ఆ కొద్ది దూరమే ఆ ఏటి శీతకాల విహారం. కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్న శ్రీధరన్‌గారి దక్షతను అప్పట్లో తెలుగు పత్రికలు ఎంతో మురిపెంగా రాశాయి. 2025 ఆగస్టు 25న సవరించిన ధరల ప్రకారం 12 నుంచి 21 కిలోమీటర్ల దూరానికి మామూలు రోజు 43 రూపాయలు, ఆదివారాలలో, జాతీయ సెలవుదినాలలో 32 రూపాయలు. నలుగురు రానుపోను ఆదివారం 256 రూపాయలు, మామూలు రోజున 344. పిల్లల సెలవులు పక్షంరోజులు. రాయితీ మాత్రం అందులో రెండు మూడు రోజులకే. బడి సెలవుల పక్షమంతటికీ ఆదివారపు ధర వర్తింపజేయడానికి రాజ్యాంగసవరణ అవసరం లేదు.

ఇక ఈ నగరపు సెలవులను దేవుడిచ్చిన ఎండకూ లేకుండా చేస్తున్నది గాలి. 2023 నవంబరులో కాలుష్యం భరించరానిదై ఢిల్లీ ప్రభుత్వం శీతకాల సెలవులలో కొన్నింటిని ముందుకు జరిపి 9నుంచి 18వరకు బడులు మూసింది. బయటికి పోకూడదని ఇచ్చిన సెలవులవి. పిల్లవాడు కిటికీకి ముఖం ఆనించి గడపవలసిన సెలవులు ప్రపంచంలో ఏ రాజధానికైనా సిగ్గుచేటు. బడుల ఆటలపోటీలను నవంబరు, డిసెంబరు నెలలలో జరపకుండా వాయిదా వేసే విషయం చూడమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు సూచించవలసివచ్చింది. అదే నెల 9వ తేదీ ఆదివారంనాడు కొందరు తల్లిదండ్రులు, పర్యావరణ కార్యకర్తలు, కొందరు పిల్లలను వెంటబెట్టుకొని, మంచిగాలి కావాలంటూ ఇండియా గేటు దగ్గర గుమికూడారు. నిరసనలకు కేటాయించిన స్థలం జంతర్ మంతర్ అని చెప్పి పోలీసులు పలువురిని అదుపులోకి తీసుకున్నారు. ఆదివారం పిల్లలతో ఇండియా గేటుకు రావడం ఢిల్లీవాసుల అలవాటు. చేతిలో ఐస్‌క్రీం ఉంటే విహారం, అట్టముక్క ఉంటే నేరం అన్న తేడా ఆ రోజున తేటతెల్లమైనది.

ప్రభుత్వపక్షం వాదనను కూడా వినాలి. ఆ మరునాడే, నవంబరు 10న, ఎర్రకోట మెట్రోస్టేషను సమీపంలో కారులో పేలుడు జరిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఎర్రకోట కూడా కుటుంబాల విహారస్థలమే. గుంపు తనంతట తానే ప్రమాదం కావచ్చు. 1981 డిసెంబరు 4న కుతుబ్ మీనారు లోపలి మెట్లమీద దీపాలు ఆరిపోయి జరిగిన తొక్కిసలాటలో 45 మంది మరణించారు; వారిలో అధికులు బడిపిల్లలు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ రైల్వేస్టేషనులో తొక్కిసలాట 18 మందిని బలిగొన్నది. కనుక భద్రత ఒక సాకు అని కొట్టివేయడం బాధ్యతారాహిత్యం. అయితే పై ఉదాహరణలు చెప్పేదేమిటి? కుతుబ్ మెట్లమీద కావలసినది ఆరిపోని దీపం. రైల్వేస్టేషనులో కావలసినది సరైన ప్రకటన, గుంపును నడిపే మనుషులు. ప్రాణాలు కాపాడేది నిర్వహణ. నిర్వహణ శ్రమతో కూడినది, నిషేధం సులువైనది. అందుచేత అధికారయంత్రాంగం సులువైన దాన్ని ఆశ్రయిస్తున్నది.

ఈ చిక్కు మన ఒక్కరిదీ కాదు. పొరుగుదేశాల రాజధానులలో కూడా సెలవుల పచ్చికే చరిత్రకు వేదిక అయింది. కొలంబోలో సముద్రతీరపు గాల్ ఫేస్ మైదానాన్ని 1859లో పూర్తిచేసిన గవర్నరు హెన్రీ వార్డ్, ఆ నగరపు స్త్రీల, పిల్లల మేలుకోసం దానిని కాపాడమని తన తరువాతి పాలకులకు శిలాఫలకంమీద అప్పగించాడు. గాలిపటాలు ఎగిరే ఆ మైదానంలోనే 2022 ఏప్రిల్ 9నుంచి లంక ప్రజలు గుడారాలు వేశారు, గ్రంథాలయం పెట్టుకున్నారు, పిల్లలతో వచ్చి కూర్చున్నారు. జులైలో అధ్యక్షుడు దేశం విడిచిపోయాడు. ఢాకాలోని రేస్‌కోర్సు మైదానంలో 1971 మార్చి 7న ముజిబుర్ రహమాన్ ప్రసంగించాడు. డిసెంబరు 16న పాకిస్తాన్ సేన లొంగుబాటు పత్రంమీద సంతకం అక్కడే జరిగింది. అది తరువాత సుహ్రావర్దీ ఉద్యానమైనది. దాని పక్కనే రమ్నాలో చెట్టుకింద 1967నుంచి బెంగాలీ ఉగాదినాడు కుటుంబాలు పాటలు వినడానికి చేరతాయి. 2001లో అదే పండుగనాడు బాంబు పేలి పదిమంది చనిపోయారు. మరుసటి ఏడు కూడా అక్కడివారు ఆ చెట్టుకిందికే వచ్చారు. భద్రతకు, ఉత్సవానికి మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసిన అగత్యం లేదని ఢాకా కుటుంబాలు చూపాయి.

మన హైదరాబాదు సంగతి పాఠకులకు తెలిసినదే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ జరిగిన ట్యాంక్‌బండ్ మీదనే 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి కుటుంబాల విహారానికి వదిలారు. ఇందిరా పార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను 2017లో మూసినప్పుడు, పార్కులో నడిచేవారికి, చుట్టుపక్కల నివాసులకు ఇబ్బంది అన్నది అప్పటి వాదనలలో ఒకటి. 2018లో హైకోర్టు ఆదేశాలతో దారి మళ్లీ తెరుచుకున్నది. నడిచేవాడినీ నినదించేవాడినీ శత్రువులుగా నిలబెట్టడం పాలకులకు అనుకూలం. పొద్దున నడిచినవాడే పింఛను ఆగిపోయిననాడు సాయంత్రం ధర్నాలో కూర్చుంటాడన్నది అనుభవం.

ఢిల్లీ విషయంలో మరొక వింత ఉన్నది. 69వ రాజ్యాంగసవరణ ద్వారా వచ్చిన 239ఎఎ అధికరణం ప్రకారం భూమి, పోలీసు, శాంతిభద్రతలు ఢిల్లీ శాసనసభ పరిధిలోకి రావు. అంటే ఇండియా గేటు పచ్చికనుంచి లేపివేయబడిన తల్లి తన శాసనసభ్యుని అడిగి ప్రయోజనం లేదు. ఆ పచ్చికకు, అక్కడి లాఠీకి జవాబుదారీ కేంద్రప్రభుత్వం. కేంద్రప్రభుత్వం జవాబు చెప్పవలసింది పార్లమెంటుకు. కనుక ఆంధ్రప్రదేశ్‌నుంచి 25 మంది, తెలంగాణనుంచి 17 మంది లోక్‌సభ సభ్యులకు కూడా ఆ తల్లి ఒకవిధంగా ఓటరే. వారి ఇళ్లకు సిఫారసు పత్రాలకోసం వచ్చే కుటుంబాలు విశ్రమించేది ఆ పచ్చికమీదనే. ప్రశ్నోత్తరాల సమయంలో ఒక ప్రశ్న వేయడానికి పార్టీ అధిష్ఠానం అనుమతి కూడా అవసరం ఉండకపోవచ్చు.

అడగవలసినవి పెద్దవి కావు. చెత్తవేసిన వానికి జరిమానా వేయండి, ఇంటినుంచి తెచ్చిన అన్నం తినేవాడిని మాత్రం లేపవద్దు. 2014 నాటి వీధివ్యాపారుల చట్టం బెలూన్లవాడికి, టీ అమ్మేవాడికి, వేరుశనగల బండికి గుర్తింపునూ రక్షణనూ ఇచ్చింది. దానిని రాజధాని నడిబొడ్డున అమలుచేసి చూపండి. గణతంత్రదినోత్సవ సన్నాహాలకు పచ్చికను మూసేటప్పుడు ఏ భాగం ఏ రోజున తెరిచి ఉంటుందో ముందుగా ప్రకటించండి. పదిమంది తల్లులు పిల్లలతో వచ్చి మంచిగాలి అడిగితే, వారిని వ్యానులో ఎక్కించడానికి బదులు ఒక మంత్రి నడిచివచ్చి వినండి. కార్యాలయంనుంచి దూరం ఎక్కువేమీ కాదు.

ఊరు ఎంత సంపన్నమైనదో దాని మేడలు చెబుతాయి. ఊరు ఎవరిదో దాని రచ్చబండ చెబుతుంది. కొత్త పార్లమెంటు భవనం లేచింది, మార్గానికి కొత్త పేరు వచ్చింది, మండపంలోకి ఖమ్మం రాయి వచ్చింది. ఆ పేరులోని కర్తవ్యం ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. నడిచేవాడికి, తినేవాడికి, పిల్లలను ఆడించేవాడికి, అడిగేవాడికి అక్కడ చోటు ఉంచడం ప్రభుత్వాల మొదటి కర్తవ్యం. జనవరి ఎండ నాలుగు గంటలకే వాలిపోతుంది. అంతవరకైనా పౌరుని ఆ పచ్చికమీద ప్రశాంతంగా కూర్చోనివ్వడం గణతంత్రానికి భారం కాకూడదు.